బ్రెండా పేరు ఇంకొకరి దగ్గరుంది

టీవీలో చూసినవాళ్ళు ఆమెను జూడిత్ వేన్ అంటారు. మా హాలిఫాక్స్ ఊళ్ళో కొందరైతే ఇప్పటికీ సీరియల్లో ఆమె వేసిన పాత్ర పేరే పెట్టి పిలుస్తారు. నేను మాత్రం మొదటి రోజు నుంచీ బ్రెండా అనే పిలిచాను. గ్రాన్‌విల్ థియేటర్‌లో నటీమణులకు బట్టలు తొడగడం నా ఉద్యోగం. ఊపిరి బిగబట్టమని చెప్పి వీపు వెనక కొక్కేలు పెట్టేదాన్ని. ఒక మనిషి వీపు అన్నేళ్ళు అంత దగ్గర నుంచి చూశాక ఇంక మర్యాదలేముంటాయి?

ఆమెకు జూడిత్ వేన్ అన్న పేరు తగిలించిన పాపిష్టిదాన్ని కూడా నేనే. ఆ మాట ముందే చెప్పేస్తే నా మనసు కాస్త తేలికపడుతుంది.

బ్రెండా తండ్రి విల్ఫ్ హోల్‌రాయిడ్ బోర్డులు రాసే పెయింటరు. మా ఊళ్ళో మాంసం కొట్టు మీద పేరైనా, పాలబండి మీద పేరైనా, చర్చి గోడ మీద నోటీసైనా ఆయన చేతిదే. బ్రెండా అక్షరాలు నేర్చుకున్నది బళ్ళో కాదు, నాన్న రాసిన బోర్డుల మీదే. మా థియేటర్ తలుపు పైన పొడుగాటి చెక్క బోర్డు ఉండేది. రెండు వారాలకొక కొత్త నాటకం వేసేవాళ్ళం. ఆదివారం పొద్దున్నే విల్ఫ్ నిచ్చెన వేసుకుని పాత అక్షరాల మీద నల్లరంగు పూసి, అది ఆరాక కొత్త నాటకం పేరు, దాని కింద ముఖ్యపాత్ర వేసేవాళ్ళ పేరు పసుపు రంగుతో రాసేవాడు.

మాటకారి కాదు. మా యార్క్‌షైర్ మగాళ్ళ సంగతి చెప్పాలా, పెళ్ళాం పోయినా "ఇల్లు చల్లబడింది" అని ఊరుకునే రకం. బ్రెండాకి తొమ్మిదేళ్ళప్పుడు ఆయన భార్య నిజంగానే పోయింది, ఆయనన్నదీ ఇంచుమించు అంతే. ఆ తరవాత ఆ ఇంట్లో తండ్రీ కూతురూ ఇద్దరే మిగిలారు. ఆయన నోట్లోంచి "పర్వాలేదు" అన్న మాట వచ్చిందంటే పూలదండ వేసినట్టే లెక్క.

పద్దెనిమిదో ఏట బ్రెండా మా థియేటర్‌లో చేరింది. టీ కలపడం, కుర్చీలు మోయడం, రెండో అంకంలో ట్రే పట్టుకుని వచ్చి "బండి సిద్ధంగా ఉందమ్మగారూ" అని చెప్పి వెళ్ళిపోవడం. రెండేళ్ళు అదే పని. ఒకరోజు కొక్కేలు పెడుతుంటే నాతో అంది.

"నవ్వనంటే ఒకటి చెప్తా బెరిల్."

"నవ్వొస్తే నవ్వుతా. చెప్పు."

"నాకు లండనూ వద్దు, గొప్పా వద్దు. మా నాన్న ఆ బోర్డు మీద నా పేరు రాయాలి. ఇంతమంది పేర్లు రాశాడు, ఇంట్లో మనిషిది ఒక్కసారి రాయొద్దూ?"

నేను నవ్వలేదు. నవ్వితే బాగుండేదేమో, ఆ కోరిక అంతటితో పోయేది.

పంతొమ్మిది వందల యాభై ఎనిమిది వసంతంలో మా పెద్ద నటికి గవదబిళ్ళలు లేచాయి. మొహం గుమ్మడికాయలా ఉబ్బిపోయింది. ఆ పాత్రకి మాటలన్నీ కంఠతా వచ్చిన మనిషి థియేటర్ మొత్తానికి ఒక్కతే, టీ కలిపే బ్రెండా. మా మేనేజరు పికర్స్‌గిల్ గారు జుట్టు పీక్కుని, ఇంక గతిలేక ఆమెకే ఇచ్చాడు. నాటకం బుధవారం మొదలు. బ్రెండా ఇంటికి పరుగెత్తి నాన్నకి చెప్పింది. ఆయన "పర్వాలేదు" అన్నాడట. అది చెప్తూ నా ముందు గిర్రున తిరిగి, నేను పిన్నులు గుచ్చిన లంగా చింపుకుంది.

ఆ ఆదివారం విల్ఫ్ ఆరింటికే నిచ్చెన ఎక్కాడు. ఎప్పుడూ తొమ్మిదింటికల్లా అయిపోయే పని మధ్యాహ్నం దాకా సాగింది. బ్రెండా హోల్‌రాయిడ్. పసుపు అక్షరాల చుట్టూ సన్నటి ఎర్రగీత కూడా పెట్టాడు. అంతకు ముందు ఎవరికీ పెట్టలేదు. దిగాక వీధి దాటి అవతలి వైపు నిలబడి, టోపీ తీసి, చాలాసేపు చూశాడు. మిఠాయి కొట్టు ఆవిడ ఊరుకోదుగా.

"ఏం విల్ఫ్, ఇవాళ అక్షరాలు కాస్త ఒళ్ళు చేసినట్టున్నాయే?"

"చెక్క వంకరగా ఉంది, అందుకని" అన్నాడాయన.

ఆ పేరు అక్కడ ఒక్క రోజు ఉంది.

సోమవారం పొద్దున నటుల సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. సంఘం కార్డు లేనిదే పెద్ద పాత్ర వెయ్యనివ్వరు. సంఘంలో ఒక పేరు ఒక్కరికే. అసలే ఒక బ్రెండా హోల్‌రాయిడ్ ఉంది, వర్థింగ్‌లో సముద్రం ఒడ్డున వేసవి ప్రదర్శనల్లో డాన్సు చేసే ఆవిడ. కాబట్టి మీరు వేరే పేరు చూసుకోగలరు అని రాశారు. ముందు వచ్చినవాళ్ళది పేరు, తరవాత వచ్చినవాళ్ళది ఖర్మ.

పికర్స్‌గిల్ గారు చెమటలు కక్కుతూ బట్టల గదిలోకొచ్చాడు. "అమ్మాయ్, మధ్యాహ్నం మూడింటిలోపు ఏదో ఒక పేరు చెప్పు. తంతి కొట్టాలి. లేదంటే బుధవారం తెర లేవదు."

బ్రెండా లోపలి లంగాతో ఇస్త్రీ బల్ల మీద కూచుని ఏడుస్తోంది. "నా పేరు నాది కాకపోవడమేంటి బెరిల్? నేనేం దొంగిలించానా?"

"ఏడుపు తరవాత. ముందు పేరు చూడు. మీ అమ్మ పుట్టింటి పేరు పెట్టుకో."

"ఎడిత్ సగ్డెన్" అంది ముక్కు తుడుచుకుంటూ.

"బట్టల సబ్బు పేరులా ఉంది" అన్నాడు పికర్స్‌గిల్ గారు. ఆయన మొహం మీద ఇస్త్రీ పెట్టె పెట్టాలన్నంత కోపమొచ్చింది నాకు.

రెండూ నలభై అయింది. నా ఒళ్ళో ఒక పాత అంగీ ఉంది, అంచు కుడుతున్నాను. మా బట్టలన్నిటికీ మెడ లోపల చిన్న గుడ్డ పీలిక ఉంటుంది, దాని మీద ఆ బట్ట వేసుకున్న మనిషి పేరు దారంతో కుట్టి ఉంటుంది. ఆ అంగీ మెడలో ఎర్ర దారంతో "జె. వేన్" అని ఉంది. యుద్ధానికి ముందెప్పుడో ఎవరో వేసుకున్నదై ఉంటుంది.

"వేన్ అని పెట్టుకో" అన్నాను.

"జె అంటే?"

"జూడిత్ అనుకో. నాకేం తెలుసు?"

అంతే. బారసాలా లేదు, పాడూ లేదు. ఒక పిల్ల బతుకంతా మోయాల్సిన పేరు, చచ్చిపోయిన ఎవరిదో మెడపట్టీ చూసి పెట్టేశాను.

విల్ఫ్‌కి ఎవరు చెప్పాలి? మేనేజరుకి ధైర్యం లేదు, బ్రెండాకి నోరు రాదు. నన్నే పంపారు. వెళ్ళేసరికి ఆయన వంటింట్లో రొట్టెకి కొవ్వు రాసుకుని తింటున్నాడు. అంతా చెప్పాను. నోట్లోది నమిలి మింగాడు. చాకు తుడిచి సొరుగులో పెట్టాడు.

"అక్షరాలు చెప్పు" అన్నాడు.

చెప్పాను. "వేన్ చివర ఇ అక్షరం ఉందా?" అనడిగాడు. ఉందన్నాను. నల్లరంగు డబ్బా తీసుకుని బయలుదేరాడు.

బట్టల గది కిటికీలోంచి నేనూ బ్రెండా చూశాం. ఆయన మొహం కనబడలేదు, వీపే కనబడింది. వీపుల సంగతి నాకు బాగా తెలుసు. బ్రెండా కిటికీ పట్టుకుని నిలబడి, తన పేరు ఒక్కో అక్షరం నల్లబడుతుంటే చివరిదాకా చూసింది. "మా నాన్న చేత్తోనే చెరిపించాను" అంది. నువ్వు చెరిపించావు అని నన్ననలేదు చూశారా, తానే చెరిపించానంది.

ఆ రోజు గురించి ఆ తండ్రీ కూతుళ్ళు మళ్ళీ ఒక్క మాట అనుకోలేదు. ఒకే బల్ల దగ్గర తిన్నారు, ఒకే పొయ్యి దగ్గర చలి కాచుకున్నారు, ఒక్క మాట లేదు. ఆరేళ్ళు మా దగ్గర వేసింది, ఆరేళ్ళూ ఆయన జూడిత్ వేన్ అని రాస్తూనే ఉన్నాడు. అలా ఆయన రాసినప్పుడల్లా బ్రెండా వెనక తలుపు నుంచి లోపలికొచ్చేది, బోర్డు కింద నుంచి నడవలేక.

అరవై నాలుగులో లండన్ పిలిచింది. మరుసటి సంవత్సరం టీవీ సీరియల్లో చేపలూ బంగాళదుంపలూ వేయించి అమ్మే విధవరాలి వేషం దొరికింది. పదకొండేళ్ళు నడిచింది అది. గురువారం సాయంత్రం మా ఊళ్ళో వీధులు ఖాళీ. రైల్లో కనిపిస్తే జనం "మాకో పొట్లం కట్టవమ్మా, ఉప్పు బాగా వెయ్యి" అని మేలమాడేవాళ్ళు. నవ్వుతూ కట్టినట్టు అభినయించేది. మధ్యలో లండన్‌లో స్టేజీ మీద వేసినప్పుడల్లా నన్నే పిలిపించుకునేది. పెళ్ళి సంగతి ఎత్తితే మాత్రం కొట్టిపారేసేది. "ఉన్న పేర్ల గొడవ చాలకనా? ఇంకోటి తగిలించుకోమంటావా?" ఒక మంచి మనిషి, స్టేజీ దీపాలు చూసే అతను, నాలుగేళ్ళు ఎదురుచూసి వెళ్ళిపోయాడు.

కానీ ఆ కోరిక మాత్రం చావలేదు. బహుమానాలొచ్చినా, పత్రికల్లో బొమ్మ పడినా అదే ధ్యాస. అరవై ఒకటి నుంచీ ప్రతి క్రిస్మస్‌కీ వర్థింగ్‌లో ఉన్న ఆ రెండో బ్రెండాకి ఒక కార్డు రాసేది. మీరిప్పుడు నాటకాల్లో లేరని విన్నాను, ఆ పేరు నాకు వదిలిపెడతారా, మా నాన్న కోసం అడుగుతున్నాను అని. నాలుగో ఏడాది జవాబొచ్చింది. బట్టల గదిలో నాకు చదివి వినిపించింది.

"మోకాలు విరిగి నాలుగేళ్ళయింది. పిల్లలకి డాన్సు నేర్పుకుంటున్నాను. మళ్ళీ స్టేజీ ఎక్కనని నాకూ తెలుసు. కానీ ఏడాదికోసారి సంఘం కార్డు ఇంటికొచ్చినప్పుడు, దాని మీద నా పేరు చూసుకుంటే, నేనింకా డాన్సర్నే అనిపిస్తుంది. నన్ను క్షమించండి."

"దాని రెండో మోకాలు కూడా విరగ!" అన్నాను. ఒళ్ళు మండిపోయింది నాకు. "వాడుకోనిది దాచుకోవడమెందుకు?"

"ఊరుకోవే. నాకున్నంత ఆశే దానికీ ఉంది" అంది బ్రెండా.

ఆ తరవాత అడగడం మానేసింది, రాయడం మానలేదు. వాతావరణం గురించీ, మోకాలి గురించీ, తన నాటకాల గురించీ రాసేది. ఆ కార్డుల కింద మాత్రం బ్రెండా హోల్‌రాయిడ్ అని సంతకం పెట్టేది. లోకంలో తన పేరు తాను రాసుకోగల చోటు అదొక్కటే.

ఎనభై ఆరులో వర్థింగ్ నుంచి ఒక మేనల్లుడి ఉత్తరం వచ్చింది. అత్తయ్య ఫిబ్రవరిలో పోయింది, మీరు పంపిన కార్డులు పాతికా సొరుగులో రిబ్బను కట్టి ఉన్నాయి అని. బ్రెండా ఒక రోజంతా ఏడ్చింది, మొహం కూడా చూడని మనిషి కోసం. రెండో రోజు సంఘానికి ఫోను చేసింది. ఫోను పెట్టేసి, నా వైపు చూసి, "సిగ్గేస్తోంది బెరిల్, కానీ కాళ్ళు నేల మీద ఆగట్లేదు" అంది. నలభై ఎనిమిదేళ్ళ మనిషి. ఇరవై ఏళ్ళప్పుడు లంగా చింపుకున్నప్పటి మొహమే.

మే నెలలో పేరు మారింది. జూడిత్ వేన్‌ని సంఘానికి తిరిగిచ్చేసి తన పేరు తాను తెచ్చుకుంది. నాన్నకి ముందే చెప్పొద్దని నాతో ఒట్టు వేయించింది. విల్ఫ్‌కి అప్పటికి ఎనభై. పని మానేసి చాలా ఏళ్ళయింది. చెక్క బోర్డు కూడా పోయింది, ఇప్పుడు పట్టాల్లోకి జొనిపే నల్ల ప్లాస్టిక్ అక్షరాలు. అయితేనేం, అదే తలుపు, అదే చోటు. అక్టోబరులో రెండు వారాలు మా గ్రాన్‌విల్‌లో వేస్తానని ఒప్పుకుంది.

కొత్త మేనేజరు నెత్తీనోరూ కొట్టుకున్నాడు. "మేడమ్, జనం జూడిత్ వేన్ కోసమొస్తారు. ఈ పేరెవరికి తెలుసు?"

"మా నాన్నకి తెలుసు" అంది.

అతను చెప్పిందీ అబద్ధం కాదు. మా ఊళ్ళో నాటకానికెళ్ళేవాళ్ళకి ఒక్కటే తెలుసు, అనుకున్న పేరు లేకుండా వేరే పేరుందంటే, అసలు మనిషికి జబ్బు చేసి బదులు మనిషి వేస్తోందని. మొదటి రోజే టిక్కెట్ల కిటికీ దగ్గర గోల.

"జూడిత్‌కి ఏమైందమ్మా? ఒంట్లో బాగోలేదా?"

"బానే ఉంది. ఆవిడే ఈవిడ" అన్నాను.

"మాకు చెప్తున్నావా? ఇదెవరో హోల్‌రాయిడ్ అట. బోర్డులు రాసే విల్ఫ్ చుట్టమేమో, పలుకుబడితో దూరింది."

ఇద్దరు ముగ్గురు వెనక్కి వెళ్ళిపోయారు కూడా. లోపల బ్రెండాకి చెప్తే పడీపడీ నవ్వింది. పట్టించుకోలేదు. ఆమె చూపంతా శనివారం మధ్యాహ్నం ఆట మీదే, ఆ రోజే నాన్నొచ్చేది.

శనివారం ఒకటిన్నరకి విల్ఫ్ వచ్చాడు. మంచి కోటు, టై, చేతికర్ర. బ్రెండా మొహానికి రంగుతో, గౌను మీద నా పాత కోటు వేసుకుని వీధిలోకి పరుగెత్తింది. వేషంలో బయటికి రాకూడదు, అది మా నియమం. నేను తిట్టుకుంటూ వెనకే వెళ్ళాను. ఆయన వీధికి అవతల నిలబడి ఉన్నాడు. ఈమె వెళ్ళి పక్కన నిలబడింది. చేతులు రెండూ కోటు జేబుల్లో దోపుకుంది.

"చదివావా నాన్నా?"

"చదివాను."

"ఎలా ఉంది?"

ఆయన టోపీ తీయలేదు. కళ్ళు చికిలించి ఇంకోసారి చూశాడు. "అదేదీ?"

"ఏది?"

"నీ పేరు."

"అదే కదా నాన్నా! బ్రెండా హోల్‌రాయిడ్. మన పేరే. తిరిగొచ్చింది. వర్థింగ్ ఆవిడ పోయింది, నాకిచ్చేశారు."

"హోల్‌రాయిడ్ నా పేరు. కరెంటు బిల్లు మీద చూస్తూనే ఉన్నాను. నీ పేరేదీ అంటున్నా. జూడిత్ వేన్ ఏదీ? ఎవరినడిగి తీసేశావు?"

బ్రెండా ఒకసారి బోర్డు వైపు, ఒకసారి ఆయన వైపు చూసింది.

"నీకు ఇష్టం లేదనుకున్నా. ఆ రోజు నువ్వు చెరిపేస్తుంటే కిటికీలోంచి చూశాను నాన్నా."

"ఇష్టం లేదు. ఒక వారం బాధపడ్డాను. తరవాత వేన్‌లో ఆ ఇంగ్లీషు వి అక్షరం మీద పడ్డాను." కర్రతో గాల్లో గీశాడు, పైనుంచి కిందికి, మళ్ళీ పైకి, చివర తోక. "ఆ తోక కుదరడానికి రెండేళ్ళు పట్టింది. ఊళ్ళో వందల పేర్లు రాశాను, అన్నీ వాళ్ళ వాళ్ళ అమ్మానాన్నలు పెట్టినవి. నీకు బ్రెండా అని పెట్టింది కూడా మీ అమ్మే. ఈ ఒక్కటే నేను రాస్తే పుట్టింది. ఆదివారం పొద్దున నిచ్చెన మీద అది రాస్తుంటే, మా అమ్మాయిని నేనే తయారుచేస్తున్నట్టుండేది."

ఆ మనిషి నోటి వెంట అన్ని మాటలు ఒక్కసారి రావడం నేనెప్పుడూ వినలేదు.

"మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేం నాన్నా?"

"నువ్వడగలేదుగా" అన్నాడు. తరవాత, కూతురి మొహం చూసి భయపడ్డట్టున్నాడు, "ఇదీ పర్వాలేదు" అని చేర్చాడు. ఆ ఒక్కసారే ఆయన ఆ మాట అబద్ధంగా అన్నాడు.

లోపలికొచ్చాక కొక్కేలు పెడుతున్నాను. వీపు కదులుతోంది, ఒక్కటీ పడడం లేదు. "ఇరవై ఎనిమిదేళ్ళు బెరిల్" అంది. "వెనక తలుపు నుంచి వచ్చాను. ఒక్కసారి ముందు నుంచి వచ్చుంటే, ఆయన నిచ్చెన మీద ఉండగా." పైనుంచి మళ్ళీ మొదలుపెట్టి కొక్కేలన్నీ పెట్టాను. బెల్లు మోగింది, వెళ్ళి వేసింది. బాగా వేసింది.

సోమవారం పొద్దున సంఘానికి ఫోను చేసింది, జూడిత్ వేన్‌ని మళ్ళీ ఇచ్చెయ్యమని. పోయిన నెలే ఇచ్చేశామన్నారు. కార్డిఫ్‌లో ఒక పిల్ల, పుట్టుకతోనే ఆ పేరట. ఇన్నాళ్ళూ మీరుండబట్టి వేరే పేరుతో వేస్తోందట.

"రాయవే ఆ పిల్లకి" అన్నాను. "కాళ్ళు పట్టుకుని అయినా అడుగు."

"దానికీ ఒక నాన్న ఉంటాడు బెరిల్" అంది.

బ్రెండా హోల్‌రాయిడ్‌ని పిలిచేవాళ్ళు తక్కువ. ఫోను మోగడం తగ్గింది. ఎవరికీ తెలియని పేరు, ఎవరో కొత్త మనిషనుకునేవాళ్ళు. రెండేళ్ళకి లండన్ ఇల్లు వదిలేసి నాన్న దగ్గరకి వచ్చేసింది. వీధిలో ఎవరైనా జూడిత్ అని పిలిస్తే ఇప్పటికీ గబుక్కున తిరుగుతుంది. తిరిగాక ఏం చెయ్యాలో తోచక నిలబడిపోతుంది.

ఒక బుధవారం సాయంత్రం ఐదింటికి వాళ్ళింటికి వెళ్ళాను. విల్ఫ్ టీవీ ముందు కూచుని పిల్లల కార్యక్రమం చూస్తున్నాడు. ఒక గుడ్డబొమ్మ నక్క, దానితో కబుర్లు చెప్పే ఒక పిల్ల. ఎనభై రెండేళ్ళ మనిషికి నక్కతో ఏం పని?

"ఇదేంటే, మీ నాన్నకి మతిగాని పోయిందా?" అన్నాను వంటింట్లో చెవిలో.

"లేదు. ఆ పిల్లే, కార్డిఫ్ పిల్ల" అంది బ్రెండా. "ఉండు, అయిపోవచ్చింది" అని టీ అక్కడే వదిలేసి పరుగెత్తింది.

నక్క చెయ్యి ఊపింది. తెర మీద, అందులో పనిచేసినవాళ్ళ పేర్లు మొదలయ్యాయి. విల్ఫ్ కుర్చీలో ముందుకు వంగాడు. బ్రెండా ఆ కుర్చీ చేతి మీద కూచుని తానూ వంగింది. జూడిత్ వేన్ అని వచ్చింది, రెండు క్షణాలుంది, పైకి వెళ్ళిపోయింది. ఇద్దరూ ఊపిరి వదిలారు.

విల్ఫ్ లేచి టీవీ కట్టేశాడు. "మళ్ళీ బుధవారం దాకా ఆగాలి" అన్నాడు.

"ఆగుదాం నాన్నా" అంది బ్రెండా.